మిషిన్‌కు ఫౌతి

జగిత్యాల కోర్టు ఎదురుగా వకీలు శ్రీకాంత్ రావు గది. మధ్యాహ్నం. ఎదుటి కుర్చీలో కోనరావుపేట రాజమల్లు.

"మా ఆమె నన్ను నమ్మలే. ముందుగాల గది రాసుకో, వకీల్ సాబ్."

"రాజమల్లన్నా, నోటీసు పంపేది కంపెనీకి. మీ ఆలుమొగల ముచ్చట అండ్ల ఎందుకు?"

"మొదలు గక్కడ్నే ఉన్నది. నమ్మలే. మిషిన్ తన పేరు మీద కొనుక్కున్నది. రాసినవా?"

"రాసిన, రాసిన."

"పెన్సిల్ తోని రాసినవు. పెన్నుతోని రాయి."

"సరే, పెన్నుతోనే. 'నన్ను నమ్మలే.' అయిందా? ఇగ చెప్పు. కంపెనీ షరతులైతె పొద్దున సదివిన, మిగిలింది నీ నోట ఇననీ. ఏం మిషిన్?"

"బట్టల మీద పువ్వులు కుట్టేది. కంప్యూటర్ మిషిన్. పుష్ప సిరిసిల్లల రెడీమేడ్ బట్టలు కుట్టే కాడ పనికి పోయేది. గక్కడ సూసి మనసు పడ్డది. కోరుట్లల మధు దుకాన్ల కొని తెచ్చింది. తెర మీద పువ్వు గీసి బటన్ ఒత్తితె చాలు, అదే కుట్టుకుంట పోతది."

"మంచిదే గదా."

"మంచిది కాదన్ననా? ఒక్కనాడు దాని మీద చాయ్ గిలాస పెట్టిన. 'నా మిషిన్ ముట్టకు' అన్నది. నా మిషిన్! ఇన్నేండ్లు కాపురం చేసినంక 'నా' అంటదా?"

"కంప్యూటర్ మీద చాయ్ గిలాస పెడితె నా పెండ్లామైతె గిలాస తోనే కొడుతుండె."

"నీ పెండ్లాం సంగతి నాకెందుకు? మిషిన్ తెచ్చిననాడే అడిగిన, ఎవల పేరు మీద రాపిచ్చినవని. నవ్వింది. నవ్విందంటె ఏంది? తన పేరు మీదనే."

"నవ్వుకు గంత అర్థముంటదా?"

"పుష్ప నవ్వుకు ఉంటది."

"సరే. మరి ఆమె…"

"పోయింది. ఎండకాలంల జరమచ్చింది, పోయింది. గంతే. అడగకు."

"అడుగ."

"పువ్వు సగం మీద ఉన్నది."

"ఏం పువ్వు?"

"తంగేడు పువ్వు. ఫ్రేముల జాకెట్ గుడ్డ బిగిచ్చినట్టే ఉన్నది. సగం పువ్వు కుట్టింది, సగం కుట్టలే. జరమని మిషిన్ బంద్ వెట్టి పండుకున్నది. లేవలే."

"ఎవల జాకెట్?"

"మా బిడ్డ శాంతది. శాంత అడుగుతలేదు. నేనే అడుగుతున్న. పుష్ప సగం పని ఇడ్సే మనిషి కాదు, సాబ్. వాకిలి ఊడ్సుడు మొదలు వెడితె నడిమిట్ల పిడుగు వడ్డా ఆగకపోయేది. గా సగం పువ్వు ఇంట్ల కనవడుతుంటె నాకు బువ్వ సయిస్తలేదు. గది నిండాలె. గంతే నా పంచాది."

"మిగిలిన సగం చేతితోని కుట్టిస్తె? జగిత్యాలల మంచి మంచి టైలర్లు ఉన్నరు."

"పువ్వు పుష్ప గీసింది. మిషిన్ల ఉన్నది. ఇంకోలు కుడితె ఇంకోల పువ్వు అయితది."

"మరి బటన్ ఒత్తితె అదే కుడుతదంటివి. ఒత్తకపోయినవా?"

"ఆమె పేరు మీదున్న వస్తువ నేనెందుకు ముడుత? ముట్టకన్నది గదా. ముట్ట."

"మనిషి పోయినంక సుత పట్టింపేనా, అన్నా?"

"పట్టింపు కాదు, పద్ధతి. మనిషి పోతె భూమికి ఏం చేస్తరు? ఫౌతి చేపిస్తరు. కాయితం వెడితె సచ్చినోళ్ల పేరు తీసి వారసుల పేరు ఎక్కిస్తరు. నేను సుత ఫౌతి చేపిద్దామని పోయిన."

"దేనికి?"

"మిషిన్‌కు."

"మిషిన్‌కు ఫౌతి?"

"నవ్వకు."

"నవ్వుతలే. దగ్గచ్చింది. ఎవలికి ఇచ్చినవు కాయితం?"

"కోరుట్ల పోయి మధుకు ఇచ్చిన. పుష్ప సచ్చిపోయినట్టు పంచాయతోళ్లు ఇచ్చిన సర్టిఫికెట్. 'మామా, మిషిన్‌కు గిట్ల ఎవలు చెయ్యరే' అన్నడు. చెయ్యి అన్న. 'ఊకో మామా, పోయి నడుపుకో' అన్నడు. చెయ్యి అన్న. ఫోన్ల ఫోటో తీసి కంపెనీకి పంపిండు. తెల్లారి వాడే ఫోన్ చేసిండు. లైసెన్సున్న మనిషి చనిపోతె లైసెన్సు సుత పోతదట. కరెంటు ఏసి సూసిన. తెర మీద తాళం బొమ్మ."

"అయ్యో అన్నా! చెప్పకుండ ఊకుంటె నడుస్తుండె. మనిషి పోయిందని కుట్టు మిషిన్ కంపెనీకి ఎవడన్న చెప్తడా?"

"రేషన్ కార్డోళ్లకు చెప్పిన. బాంకుల చెప్పిన. ఓటర్ల కాడ చెప్పిన. అందరు మంచిగ కొట్టేసుకున్నరు. తాళం ఎవడన్న ఏసిండా? వీడొక్కడే ఏసిండు. రాయి నోటీసు."

"రాస్త. ముందు ఒక్క సంగతి. మిషిన్ మొదలు పెట్టిననాడు తెర మీద షరతులు పడ్డయి. 'ఒప్పుకుంటున్న' అని ఒత్తితెనే మిషిన్ మొదలైతది. ఒత్తింది ఎవలు?"

"నేను ఒత్తలే."

"నువ్వు కాదు. ఎవలు ఒత్తిండ్రు?"

"నేను ఒత్తలే అంటున్న గదా."

"అది ఇన్న అన్నా. పుష్పమ్మ ఒత్తిందా, మధు ఒత్తిండా?"

"నాకేం ఎరుక? ఆ దినం నేను మోటర్ సైకిల్ కింద పండి చైన్ ఎక్కిస్తున్న. నాకు సంబంధం లేదు."

"సరే, చైన్ ఎక్కిస్తున్నవు. గా షరతులు మధు నాకు పొద్దున పంపిండు. పదకొండు పేజీలు. సదివితె ఏం తెలిసిందంటె, మిషిన్ కొన్నోళ్లదేనట. మిషిన్ల ఉన్న సాఫ్ట్‌వేర్ మాత్రం కొన్నోళ్లది కాదట. వాడుకునేతందుకు ఇజాజత్, అంటె అనుమతి, ఇచ్చిండ్రట, గంతే. గా ఇజాజత్ ఒప్పుకున్న మనిషికే. మనిషితోనే ఖతం."

"ఎద్దు నాది, నడక వానిదా?"

"అచ్చంగ గట్లనే."

"అట్లయితె ఎద్దును అమ్మేటప్పుడే చెప్పాలె గదా, నడక అమ్ముతలేనని."

"గిదే! గిదే మన కేసు! దుకాన్ల పైసలు కట్టినంక, డబ్బ ఇంటికచ్చినంక, తెర ఎలిగినంక షరతులు సూపెడితె ఎట్ల? వద్దంటె మిషిన్ నడవది. డబ్బ ఇప్పినంక దుకాన్దారు వాపస్ తీసుకోడు. ఇసొంటి ఏకపక్షం షరతు కొన్నోన్ని కట్టేస్తదా అని వినియోగదారుల కమిషన్ల నిలవెడుత."

"కట్టెయ్యదంటరా వాళ్లు?"

"గట్ల ఒక్క మాటల చెప్పరాదన్నా. కంప్యూటర్ల ఒత్తినా ఒప్పందం ఒప్పందమే అని చట్టం ఉన్నది. ఒత్తినా సరే, మరీ అన్యాయమైన షరతు నిలవడదు అనే దారి సుత ఉన్నది. ఇప్పుడు సూడు, బండ్లు పెట్టే కాడ చీటీ ఇస్తరు గదా. 'బండి పోతె మాకు సంబంధం లేదు' అని దాని మీద అచ్చేసి ఉంటది. అచ్చేసినంత మాత్రాన జడ్జి ఊకుంటడా?"

"ఊకోడా?"

"ఒక్కోపారి ఊకోడు."

"ఒక్కోపారి ఊకుంటడు."

"…ఊకుంటడు."

"అంటె నీకు తెల్వదు."

"తెల్వదు అని మేము అనమన్నా. 'వాదనకు ఆస్కారం ఉన్నది' అంటం."

"మీ తాత అనలే గట్ల."

"నడుమ మా తాతెందుకచ్చిండు?"

"మా అమ్మ పుట్టిల్లు మీ తాత దొరగ ఉన్న వెల్గటూరే. మీ తాత గడిల మావోళ్లు సదవకుండ ఎన్ని కాయితాల మీద ఏలుముద్ర ఏసిండ్రో. సదవస్తె గదా సదవడానికి. గప్పుడు ఒక్క కాయితానికి సుత ఆస్కారం లేకుండె. అన్ని చెల్లినయి."

"నీళ్లు తాగన్నా."

"నీళ్లద్దు. చెల్లినయా, లేవా?"

"చెల్లినయి. గసొంటియి చెల్లకుండ చేద్దామనే నేను వకీలునైన."

"ఫీజు తీసుకుంటవు గదా?"

"తీసుకుంట."

"ఆఁ."

"నీ జేబుల ఫోన్ మోగింది."

"లేదు."

"ఆ జేబుల కాదు, ఈ పక్క జేబుల. మెసేజ్ అచ్చినట్టున్నది."

"రీచార్జ్ మెసేజ్. అస్తనే ఉంటయి."

"రెండు ఫోన్లెందుకన్నా నీకు?"

"ఉంటయి."

"రెండోది పుష్పమ్మదా?"

"ఉంటయన్న గదా. నోటీసు రాయి."

"రాస్త. దానికన్న ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒక ఫోన్ చేద్దాం. మనం అడిగినం, వాళ్లు కాదన్నరు అని ఉండాలె. స్పీకర్ పెడుత. నువ్వు మాత్రం తిట్టద్దు."

"తిట్ట."

"ఒట్టు?"

"తిట్ట అన్న. కలుపు."

"నమస్కారమండి. నా పేరు నిఖిత. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"మిషిన్ తాళం తియ్యి."

"అన్నా, ఆగు. మేడం, కోనరావుపేటల మీ కంపెనీ ఎంబ్రాయిడరీ మిషిన్ ఒకటి లాక్ అయింది. మిషిన్ నంబర్ మెసేజ్ చేసిన, సూడండి."

"వచ్చిందండి. ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి."

"సాబ్, పాట పెట్టింది."

"అందరు పెడతరన్నా."

"సచ్చిన మనిషి మిషిన్ గురించి అడిగితె పెండ్లి సన్నాయి పెడతరా?"

"ష్. అచ్చింది."

"లైన్‌లో ఉన్నందుకు ధన్యవాదాలండి. ముందుగా మా ప్రగాఢ సానుభూతి. ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరండి?"

"రాజమల్లు."

"క్షమించండి, ఎవరు?"

"రాజమల్లు. చెవుడా?"

"అన్నా, ఒట్టు!"

"చెవుడంటె తిట్టు కాదు."

"అంటే… రాజమల్లు గారి తరఫున మాట్లాడుతున్నారా అండి?"

"నా తరఫున నేనే మాట్లాడుతున్న."

"సారీ అండి. రాజమల్లు గారు చనిపోయినట్టు మా దగ్గర నమోదై ఉంది."

"ఎవలు?"

"రాజమల్లు గారండి. లైసెన్స్ వారి పేరు మీదే ఉంది. వారి మరణ ధ్రువీకరణ పత్రం కూడా మాకు అందింది."

"మేడం, మేడం, ఒక్క నిమిషం. నేను అడ్వొకేట్ శ్రీకాంత్ రావు, జగిత్యాల. గా పత్రం మీద ఎవరి పేరు ఉన్నదో ఒక్కసారి సదవండి."

"పత్రం వేరే విభాగంలో ఉంటుందండి. మాకు 'అందింది, ఆమోదించాం' అని మాత్రమే కనిపిస్తుంది."

"ఆమోదించినోళ్లు సదివిండ్రా?"

"సిస్టమ్ తీసుకుందండి."

"అంటె ఎవలు సదవలే! అన్నా, దొరికిండ్రు! వాళ్ల పదకొండు పేజీలు సదవకుండ ఒత్తినా మనం కట్టువడి ఉండాల్నట. మనం పంపిన ఒక్క పేజీ వాళ్లు సదవలే! పుష్పమ్మ కాయితం సూసి నిన్ను చంపిండ్రు! బతికున్న మనిషికే సానుభూతి చెప్తున్నరు! ఇగ సూడు గీ కేసు ఎట్ల…"

"జర ఆగు, సాబ్. అమ్మా, లైసెన్సు ఎవల పేరు మీద ఉన్నదంటివి?"

"రాజమల్లు గారి పేరు మీదండి."

"మల్ల చెప్పు."

"రాజమల్లు గారండి. కొన్నప్పటి నుంచీ వారి పేరే ఉంది. వారి ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పి షరతులకు ఒప్పుకున్నారు."

"అన్నా! ఓటీపీ నువ్వు చెప్పినవా? ఒత్తలే, ఒత్తలే అంటివి!"

"ఒత్తలే. మోటర్ సైకిల్ కింద ఉన్న. చేతులకు గ్రీసు. దర్వాజ కాడ నిలవడి 'నీ ఫోన్ల నెంబరచ్చింది, సదువు' అని లొల్లి వెట్టింది. తిట్టుకుంట సదివిన. ఎందుకని అడుగలే."

"గదే ఒప్పుకునుడు."

"మరి 'నా మిషిన్ ముట్టకు' అన్నది గదా?"

"చాయ్ గిలాసకు అన్నదన్నా."

"హలో? లైన్‌లో ఉన్నారా అండి? పుష్ప గారి పేరు కూడా ఇక్కడ ఉంది."

"ఏమని ఉన్నది?"

"రెండో వినియోగదారు అని ఉందండి. వారు ఒప్పుకుంటే వారి పేరు మీద కొత్త లైసెన్స్ ఇచ్చి, మిషన్ ఇప్పుడే ఆన్ చేస్తాం. వారి ఫోన్‌కి మెసేజ్‌లు పంపుతూనే ఉన్నామండి. ఇందాక కూడా వెళ్లింది."

"మేడం, అసలు సంగతేందంటె పుష్పమ్మ…"

"సాబ్, నువ్వు మాట్లాడకు."

"చెప్పాలె గదన్నా, పోయింది…"

"మాట్లాడకన్న! అమ్మా, నిఖితమ్మా. పుష్ప మీ కాడ ఎట్లున్నది?"

"అర్థం కాలేదండి."

"మీ కంప్యూటర్ల, పుష్ప పేరు ముందట ఏం రాసున్నది?"

"'యాక్టివ్' అని ఉందండి."

"అంటె?"

"అంటే… ఉన్నారనండి."

"ఉన్నదా?"

"ఉన్నారండి. ఒకసారి లైన్‌లోకి వస్తారా?"

"ఆమె పనిల ఉన్నది."

"పర్వాలేదండి. మెసేజ్‌లో 'ఒప్పుకుంటున్నాను' అన్నచోట నొక్కితే చాలు. వెంటనే మిషన్ తాళం తెరుచుకుంటుంది. రాజమల్లు గారి విషయంలో మరోసారి మా సానుభూతి…"

"మంచోడే ఉండె. జర కోపమెక్కువ. పెట్టెయ్ బిడ్డా."

"ఏందన్నా గిది! 'నేను బతికున్న' అని ఒక్క మాటంటె అయిపోతుండె గదా! గింత మంచి కేసు చేతులకచ్చింది! ఏం తీస్తున్నవు జేబులకెల్లి? ఆ ఫోన్ కింద పెట్టు. అన్నా, ఒత్తకు! పోయిన మనిషి పేరు మీద ఒత్తుడు చెల్లది!"

"సదవకుండ ఒత్తుడు సుత చెల్లదంటివి."

"వాదనకు ఆస్కారం ఉన్నదన్న!"

"గా ఆస్కారంలనే ఒత్తుతున్న."

"కనీసం సదువన్నా! మల్ల గవే పదకొండు పేజీలు!"

"పుష్ప సదవకపోయేది. ఏది, ఎక్కడ ఒత్తాలె? గీడ్నేనా?"

"గీడ కాదు. కిందికి జరుపు. ఇంకా కిందికి. ఆఁ, గా పచ్చగున్నది."

"అయింది."

"ఏమన్నది?"

"'స్వాగతం, పుష్ప గారు' అన్నది."

"అన్నా… ఇగ కంపెనీ లెక్కల నువ్వు సచ్చిపోయినట్టు. ఆమె బతికున్నట్టు."

"ఒక్క కాడన్న సక్కగ రాసిండ్రు."

"గట్లనకు."

"రేషన్ కార్డుల కొట్టేసిండ్రు. బాంకుల కొట్టేసిండ్రు. ఓటర్ల కాడ కొట్టేసిండ్రు. అన్నిట్ల నేనే పోయి కొట్టేయించిన. ఒక్క కాడన్న ఉన్నది. ఉండనీ."

"మరి మిషిన్ ఇప్పుడు నిజంగనే ఆమె పేరు మీదికి పోయింది గదా. ఆమె పేరు మీదున్నది ముట్టనంటివి. పువ్వు ఎట్ల నిండుతది?"

"బటన్ ఒక్కటే ఒత్తుత. చాయ్ గిలాస పెట్ట."

"నోటీసు?"

"చింపెయ్. సచ్చినోడు నోటీసిస్తడా? నీ ఫీజు ఎంత?"

"నోటీసే లేకపాయె, ఫీజెందుకన్నా? పో, సిరిసిల్ల బస్సు ఎల్లిపోతది."

"గదేంది, కాయితం మీద ముందుగాల?"

"నీ ముచ్చటే. మొదలు పెన్నుతోని రాయిపిస్తివి గదా."

"ఏం రాసినవు?"

"'నన్ను నమ్మలే.'"

"కొట్టెయ్."

"కొట్టేసిన."

"కనవడుతనే ఉన్నది. మంచిగ కొట్టెయ్."

"ఇగో. ఇగ ఎవలికి కనవడది. సరేనా?"

"గా మాట నేను అనలే, నువ్వు ఇనలే. మా శాంత అడిగినా చెప్పద్దు. నేను సచ్చేదాక ఇగ గా ముచ్చట ఎత్త."

"కంపెనీ లెక్కల సచ్చినవు గదన్నా."

"సచ్చినంక సుత ఎత్త."